అమెజాన్ ఓడ మల్లయ్యలు

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అని సామెత. అమెజాన్ నదీయాత్రల చరిత్ర చాలావరకు ఇదే తంతు. పటాల్లోనూ పుస్తకాల్లోనూ మిగిలినవి బయటినుంచి వచ్చిన సాహసుల పేర్లు. తెడ్డు వేసిందీ, దారి చూపిందీ, ఆకలేస్తే తిండి పెట్టిందీ ఆ ఒడ్డువాళ్లు. ఆ నది గురించీ, దానిమీద తిరిగే పడవల గురించీ, ఆ మల్లయ్యల గురించీ కొన్ని విశేషాలు ఇవి.

◆ మామూలు రోజే మహా వరద

1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర గోదావరి 35 లక్షల క్యూసెక్కులు దాటి పారింది. ఆ వరదను చూసినవాళ్లు ఇప్పటికీ కథలుగా చెబుతారు. అమెజాన్ సముద్రంలో కలిపే నీళ్లు ఏడాది సగటున సెకనుకు 2 లక్షల ఘనపు మీటర్ల పైమాటే. మన లెక్కలో 70 లక్షల క్యూసెక్కులకు ఎక్కువే. అంటే మన 86 వరదకు రెట్టింపు నీళ్లు అక్కడ ఏ హడావుడీ లేని రోజున పారుతుంటాయి. భూమ్మీది నదులన్నీ కలిసి సముద్రాలకు చేర్చే నీటిలో ఇంచుమించు ఐదోవంతు ఈ ఒక్క నదిదే.

◆ కిలోమీటరుకు మూడు సెంటీమీటర్లు

పెరూలోని మిస్మీ శిఖరాన్ని అమెజాన్ పుట్టిల్లుగా చాలామంది ఒప్పుకుంటారు. మంతారో నది మొదలు ఇంకా దూరమని 2014లో మరో వాదం బయల్దేరింది. మిస్మీ నుంచి పసిఫిక్ సముద్రం 160 కి.మీ. దూరమే. నది మాత్రం అటు చూడకుండా తూర్పుకు తిరిగి, ఖండమంతా దాటి అట్లాంటిక్‌లో కలుస్తుంది. ఐదు వేల మీటర్ల పైన పుట్టిన నీళ్లు ఇకిటోస్ నగరం చేరేసరికి సముద్రమట్టానికి సుమారు వంద మీటర్ల ఎత్తుకు దిగిపోతాయి. అక్కడినుంచి సముద్రం ఇంకా 3,600 కి.మీ. సగటు వాలు కిలోమీటరుకు మూడు సెంటీమీటర్లు కూడా లేదు. అందుకే సముద్రపు ఓడలు ఖండం గుండెదాకా ఎదురెక్కి రాగలుగుతున్నాయి. సముద్రపు ఆటుపోట్లు కూడా ఎనిమిది వందల కి.మీ. లోపలున్న ఓబిడోస్ ఊరి దగ్గర తెలుస్తాయి.

◆ రోడ్డు చేరని నగరం

నాలుగు లక్షల మందికి పైగా ఉండే ఇకిటోస్‌కు బయటి ప్రపంచం నుంచి రోడ్డు లేదు. ఇలాంటి నగరాల్లో ప్రపంచంలో ఇదే పెద్దది. ఊళ్లోంచి బయల్దేరే ఒక్క తారురోడ్డు వంద కి.మీ. దూరంలోని నౌతా దాకా వెళ్లి, నది ఒడ్డునే ఆగిపోతుంది. విమానమైనా ఎక్కాలి, లేదా యూరిమాగ్వాస్ నుంచో పుకాల్పా నుంచో రోజుల తరబడి లాంచీలో రావాలి. అయినా ఊళ్లో ట్రాఫిక్‌కు కొదవ లేదు. వీధుల నిండా మన ఆటోల్లాంటి మూడు చక్రాల మోటోకార్రోలే. బెలేన్ అనే పేటలో కొన్ని ఇళ్లు దుంగల తెప్పలమీద కట్టినవి. నది పెరిగితే ఇల్లూ పెరుగుతుంది.

◆ వంతెన ఎందుకు లేదు?

అమెజాన్ అసలు నదిమీద ఒక్క వంతెన కూడా లేదు. డబ్బు లేక కాదు. వర్షాకాలంలో నది ఒడ్డు దాటి కిలోమీటర్ల కొద్దీ అడవిలోకి పోతుంది. ఒడ్లు మెత్తటి ఒండ్రు. ఏటేటా కోతపడి జారిపోతుంటాయి. పైగా కలపడానికి అటూ ఇటూ రోడ్లుండాలి కదా! బ్రెజిల్‌లోని మనౌస్ నగరం దగ్గర 2011లో ప్రారంభించిన మూడున్నర కి.మీ. వంతెన కూడా ఉపనది రియో నీగ్రో మీద ఉన్నదే.

◆ సీటు లేదు, ఉయ్యాల కట్టుకోండి

నదీముఖం దగ్గరున్న బెలెం రేవు నుంచి మనౌస్ దాకా నదిమీద 1,600 కి.మీ. పైనే. ఎదురెక్కాలంటే ఐదు రోజుల దాకా పడుతుంది. టికెట్టు కొంటే దొరికేది కుర్చీ కాదు, ఉయ్యాల కట్టుకునే చోటు. ఉయ్యాలా తాళ్లూ ఎవరివి వారే తెచ్చుకోవాలి. తెలిసినవాళ్లు లాంచీ కదలడానికి గంటల ముందే వచ్చి, ఇంజనుకూ మరుగుదొడ్లకూ దూరంగా చోటు చూసుకుంటారు. ఆలస్యంగా వచ్చినవాళ్లు ఉన్న ఉయ్యాలల మధ్యే ఇంకొకటి దూరుస్తారు. రాత్రి పక్కవారి మోకాలు మన వీపుకు తగిలినా ఎవరూ ఏమీ అనుకోరు. కింది అంతస్తులో అరటి గెలలు, ఉల్లిపాయల బస్తాలు, మోటారు సైకిళ్లు ప్రయాణం చేస్తుంటాయి.

సరంగులు పాటించే సూత్రం ఒకటుంది. ఎదురెక్కేటప్పుడు ఒరవడి తక్కువగా ఉండే ఒడ్డు పట్టుకుని పోతారు. దిగువకు వచ్చేటప్పుడు నడినది పట్టుకుంటారు. కాబట్టి ఊళ్లనూ, అడవినీ, కోతులనూ దగ్గరగా చూడాలనుకునేవారు ఎగువకు వెళ్లే లాంచీ ఎక్కాలి. దిగువకు వచ్చే లాంచీలో రెండు వైపులా కనిపించేది దూరంగా పచ్చటి గీతే.

◆ నడిచే లాంచీకి కొక్కెం

మరాజో లంక పక్కన బ్రెవెస్ పాయలు ఇరుకు. లాంచీ చప్పుడు వినగానే ఒడ్డునున్న కర్ర ఇళ్లనుంచి చిన్న పడవలు బయల్దేరతాయి. వాటిలో పిల్లలు కూడా ఉంటారు. కదులుతున్న లాంచీ పక్కకు సరిగ్గా చేర్చి, కొక్కెం తగిలించి, పడవను దానికి కట్టేసి చకచకా పైకెక్కేస్తారు. రొయ్యలు, అసాయి పళ్లు, తాటిజాతి చెట్ల మొవ్వు అమ్ముకుని, తాడు విప్పుకుని దిగిపోతారు. ఒక్క క్షణం లెక్క తప్పినా పడవ తిరగబడుతుంది. ఈ దారి తెలిసిన ప్రయాణికులు పాత బట్టలూ, బిస్కెట్లూ తడవకుండా ప్లాస్టిక్ సంచుల్లో మూటగట్టి తెచ్చి, ఈ పడవలకేసి విసరడం కూడా ఆనవాయితీ.

◆ చెప్పుల అట్టల కూర

అమెజాన్‌ను పైనుంచి సముద్రం దాకా దిగిన మొదటి ఐరోపావాడిగా ఫ్రాన్సిస్కో దె ఒరెయానాను చెబుతారు. 1541లో గొంజాలో పిజారో అనే స్పెయిన్ దళపతి దాల్చినచెక్క అడవుల కోసం, బంగారు రాజ్యం కోసం క్విటో నుంచి బయల్దేరాడు. కొండలు దిగేసరికి తిండి అయిపోయింది. వెతికి తెస్తానని ఆ దండులోని ఒరెయానా సుమారు 57 మందితో పడవలో దిగువకు వెళ్లాడు. ప్రవాహానికి ఎదురు తిరిగి రాలేమని చెప్పి ముందుకే పోయాడు. 1542 ఆగస్టు 26న సముద్రం చేరాడు.

వెంట ఉన్న కార్వహాల్ అనే మతగురువు ఆ ప్రయాణం గురించి రాసిపెట్టాడు. తోలు పట్టీలూ, చెప్పుల అట్టలూ ఆకులతో కలిపి ఉడకబెట్టి తిన్నామన్నాడు. ప్రాణం నిలిపింది మాత్రం అపారియా అనే పెద్ద ఏలుబడిలోని ఊళ్లు. తాబేళ్లు, చేపలు, పక్షులు తెచ్చి పెట్టారు. వాళ్ల ఊళ్లో ఉండే రెండో ఓడ కట్టుకున్నారు. దిగువన తిండి ఇవ్వని ఊళ్లను దోచుకుంటూ పోయారు. ఆ పోరాటాల్లోనే కార్వహాల్‌కు బాణం తగిలి ఒక కన్ను పోయింది.

◆ మన మన్యంలో ఒరెయానా

ఆ ఒరెయానా పేరు మన ఏజెన్సీ కొండల్లోనూ ఉంది. ఉత్తరాంధ్ర మన్యంలో జాఫ్రా పేరుతో పెంచే చెట్టు ఉంది కదా! ముళ్లకాయలో ఎర్రటి గింజలుంటాయి; మిఠాయిలకూ వెన్నకూ రంగు వేయడానికి కొంటారు. ఆ చెట్టు స్వస్థలం అమెరికా ఖండంలోని ఉష్ణప్రాంతాలు. దాని శాస్త్రీయ నామం బిక్సా ఒరెయానా. పద్దెనిమిదో శతాబ్దంలో లిన్నేయస్ ఆ నదీయాత్రికుడి పేరు పెట్టాడు. అమెజాన్ తెగలవాళ్లు మాత్రం ఏ యాత్రికుడూ రాకముందు నుంచే ఆ గింజల రంగును ముఖానికీ ఒంటికీ పూసుకుంటున్నారు.

◆ మతగురువు చెప్పింది అబద్ధమేనా?

నది ఒడ్డున వరసగా పెద్ద పెద్ద ఊళ్లు చూశామని కార్వహాల్ రాస్తే తర్వాతి శతాబ్దాలవాళ్లు కోతలనుకున్నారు. వాళ్లు వెళ్లి చూసేసరికి అక్కడ అడవి తప్ప ఏమీ లేదు మరి. మశూచి, తట్టు, బానిసల వేట ఈలోగా ఊళ్లకు ఊళ్లనే ఖాళీ చేశాయి. ఇప్పుడు పురావస్తు శాస్త్రజ్ఞుల అభిప్రాయం మారుతోంది. నది ఒడ్డున చాలాచోట్ల బొగ్గూ, ఎరువూ కలిసిన నల్లమట్టి పొరలున్నాయి. తరతరాల మనుషుల నివాసం లేకుండా ఆ మట్టి తయారుకాదు. ఆకాశం నుంచి లేజరు కిరణాలతో అడవి కింది నేలను పటం తీస్తే, 2022లో బొలీవియాలోనూ, 2024లో ఈక్వడార్‌లోని ఉపానో లోయలోనూ పాత పట్టణాలు బయటపడ్డాయి. ఉపానోలో తిన్నటి రోడ్లతో కలిపిన ఆరు వేలకు పైగా మట్టి అరుగులున్నాయి; మొదటివాటి వయసు సుమారు 2,500 ఏళ్లు. కార్వహాల్ చూసినవి ఈ ఊళ్లు కావు. అమెజాన్ అడవి మనుషులు లేని శూన్యమన్న మాట మాత్రం ఇక చెల్లదు.

◆ డెబ్భై మందికి పన్నెండు వందల తెడ్లు

నదిని కిందికి దిగడం ఒక ఎత్తు, ఎదురెక్కడం ఇంకో ఎత్తు. 1637లో పెద్రో తెషేరా పోర్చుగీసు జెండాతో బెలెం వైపు నుంచి బయల్దేరి క్విటో దాకా వెళ్లి, 1639లో తిరిగొచ్చాడు. పోర్చుగీసు సైనికులు సుమారు 70 మంది. నలభైకి పైగా పెద్ద పడవల్లో తెడ్లు వేసిన, విల్లు పట్టిన ఆదివాసులు సుమారు 1,200 మంది. నేటి బ్రెజిల్ సరిహద్దు అంత పడమరకు జరగడానికి ఈ యాత్ర ఒక కారణం. పటంమీద ఆ గీత గీయించింది తెషేరా అని పుస్తకాలు రాస్తాయి. నీళ్లమీద గీసింది ఎవరి చేతులో లెక్క చూస్తే తెలుస్తుంది.

◆ రెండు బంగారు గొలుసులు

భూమి ఆకారం కొలవడానికి 1735లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన బృందంలో జాఁ గొదాఁ ఒకడు. ఇప్పటి ఈక్వడార్‌లో ఇసాబెల్‌ను పెళ్లాడాడు. భార్యను ఫ్రాన్స్‌కు తీసుకెళ్లే ముందు దారి చూసుకుందామని 1749లో ఒంటరిగా అమెజాన్ దిగి, సముద్రపుటొడ్డున ఉన్న కయెన్ చేరాడు. పోర్చుగీసు అనుమతి రాక అక్కడే ఇరుక్కుపోయాడు. ఇరవై ఏళ్లు గడిచాయి.

1769లో ఇసాబెల్ తానే బయల్దేరింది. అన్నదమ్ములు, బంధువులు, పరిచారకులు, మూటలు మోసే ఆదివాసులు వెంట నడిచారు. కొండ దిగి కనెలోస్ చేరేసరికి మశూచి వల్ల ఊరు ఖాళీ. కూలీలు వెనుదిరిగారు. దొరికిన ఇద్దరు పడవవాళ్లు రాత్రికి రాత్రే వెళ్లిపోయారు. తర్వాత చుక్కాని పట్టిన మనిషి, వెంట ఉన్న ఫ్రెంచి వైద్యుడి టోపీ నీళ్లలో పడితే తీయబోయి మునిగిపోయాడు. పడవ నడపడం తెలిసినవాళ్లు ఒక్కొక్కరే పోయాక ఆ దొరల గుంపు ఒక ఇసుకతిన్నె మీద చిక్కుకుంది. సాయం తెస్తామని కొందరు ముందుకు వెళ్లారు. వారాలు గడిచాయి. కట్టిన తెప్ప విరిగింది. అడవిలో నడుస్తూ ఒక్కొక్కరే కూలిపోయారు. ఇసాబెల్ చనిపోయిన సోదరుల బూట్లు కోసి చెప్పులుగా కట్టుకుని, సుమారు తొమ్మిది రోజులు ఒంటరిగా తిరిగి, బొబొనాసా నది ఒడ్డున కొందరు ఆదివాసుల కంటపడింది. వాళ్లు తిండి పెట్టి, సేవ చేసి, పడవలో అందోఆస్ ఊరికి చేర్చారు.

ఆమె తన మెడలోని రెండు బంగారు గొలుసులు వాళ్లకిచ్చింది. అక్కడి మతగురువు ఆమె కళ్లముందే ఆ గొలుసులు లాక్కుని, బదులుగా మూడు నాలుగు గజాల ముతక బట్ట ఇచ్చాడట. కోపంతో ఆమె ఆ ఊళ్లో నిలవకుండా ప్రయాణమైంది. 1770లో భర్తను కలుసుకుంది. ఈ సంగతులన్నీ తర్వాత ఆయన రాసిన ఉత్తరం వల్ల లోకానికి తెలిశాయి.

◆ రెండు నదులు పంచుకునే పాయ

వెనెజులాలో ఒరినోకో నది నుంచి చీలే కసికియారే అనే పాయ మూడు వందల కి.మీ. పైగా ప్రవహించి రియో నీగ్రోలో, అంటే అమెజాన్ కుటుంబంలో కలుస్తుంది. మనిషి తవ్వని కాలువ అది. రెండు మహానదులను కలిపే పాయ ఉండటం అసాధ్యమని ఐరోపా పండితులు కొందరు వాదించారు. 1800లో హంబోల్ట్, బోంప్లాఁ పడవలో ఆ దారంతా ప్రయాణించి కొలతలు తీసుకున్నాక వాదన ఆగింది. అక్కడి ఆదివాసులకు అది రోజూ తిరిగే దారే.

◆ మాజీ అధ్యక్షుడు, సందేహాల నది

1912 ఎన్నికల్లో ఓడిన అమెరికా మాజీ అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్‌కు సాహసం మీద మనసు పోయింది. బ్రెజిల్‌లో పటమెక్కని ఒక నది ఎటు పోతుందో తెలియక దానికి సందేహాల నది అని పేరు పెట్టారు. 1914 ఫిబ్రవరి 27న ఏడు దోనెల్లో 22 మంది దిగారు. సహనాయకుడు కందిదో రోండోన్. తల్లివైపు నుంచి ఆదివాసి రక్తం ఉన్న సైనికాధికారి, అడవుల్లో టెలిగ్రాఫ్ తీగలు వేసినవాడు.

జలపాతం వచ్చిన ప్రతిచోటా దోనెల్ని ఒడ్డుకు లాగి, అడవిలో దుంగలు పరిచి దొర్లించాల్సి వచ్చింది. కొన్ని దోనెలు పగిలిపోతే కొత్తవి చెక్కుకున్నారు. ఒకడు మునిగిపోయాడు. ఒకడు హత్యకు గురయ్యాడు. చంపినవాణ్ని అడవిలో వదిలేసి వచ్చారు. రూజ్‌వెల్ట్ కాలి గాయం చీము పట్టి, మలేరియా ముదిరి, తనను వదిలేసి పొమ్మన్నాడు. ఆ ఒడ్డున సింతా లార్గా తెగవారు ఉన్నారు. వాళ్ల బాణాలు రోండోన్ కుక్కను చంపాయి. అయినా ఎదురు కాల్పులు వద్దన్నది రోండోన్ కట్టడి. కాల్చడానికి బదులు కానుకలు వదిలి వెళ్లేవాడు. తెగవారు ఆ దండును ముట్టలేదు. చివరికి దిగువనున్న రబ్బరు గీతకార్మికులు ఆదుకుని పడవలూ తిండీ ఇచ్చారు. ఇప్పుడా నది పేరు రూజ్‌వెల్ట్ నది. రోండోన్ పేరు రొండోనియా రాష్ట్రానికి పెట్టారు. గీతకార్మికుల పేరు దేనికీ లేదు.

◆ కొండమీద ఓడ

వెర్నర్ హెర్జోగ్ 1982లో తీసిన ఫిట్జ్‌కరాల్డో సినిమాలో ఓడను కొండమీదుగా లాగే దృశ్యం ట్రిక్కు కాదు, నిజంగానే లాగించారు. ఆ కథకు మూలమైన రబ్బరు వ్యాపారి కార్లోస్ ఫిట్జ్‌కరాల్డ్ మాత్రం అంత పని చేయలేదు. 1890ల్లో రెండు నదుల మధ్య గట్టుమీదుగా తన చిన్న ఆవిరి ఓడను విడగొట్టి, ముక్కలుగా మోయించి, అటుపక్క మళ్లీ బిగించాడు. మోసినవాళ్లు పీరో తదితర తెగల ఆదివాసులు. రబ్బరు కోసం ఆ కాలంలో జరిగింది చాకిరీ కాదు, బానిసత్వం. ఎదిరించిన ఊళ్లను తుపాకులతో తుడిచిపెట్టారు. 1897లో ఫిట్జ్‌కరాల్డ్ ఉరుబాంబా నదిలో ఓడ ప్రమాదంలో మునిగి చనిపోయాడు.

◆ సగ్గుబియ్యం చుట్టరికం

నదీప్రయాణంలో నెలల తరబడి చెడని తిండి ఫరీన్యా. అది కర్రపెండలం పిండి. అక్కడి చేదురకం దుంపలో విషం ఉంటుంది. పచ్చిగా తింటే ప్రాణం మీదికొస్తుంది. ఆదివాసులు దుంప తురిమి, తిపితీ అనే పొడవాటి అల్లిక గొట్టంలో కూరి వేలాడదీసి, కింది కొసను లాగుతారు. గొట్టం సన్నబడి రసమంతా పిండేస్తుంది. ఆ పిండిని పెద్ద పెనం మీద వేయిస్తే ఫరీన్యా. విషపు రసాన్నీ పారెయ్యరు. బాగా మరిగించి విషం పోగొట్టి, పులుసుగా వాడతారు. ఈ దుంప పోర్చుగీసు ఓడలెక్కి ప్రపంచమంతా తిరిగింది. పెద్దాపురం, సామర్లకోట వైపు సగ్గుబియ్యం మిల్లుల్లో ఆడేది కూడా ఈ కర్రపెండలమే.

◆ ఇల్లు ఎంత ఎత్తున కట్టాలి?

మనౌస్ రేవులో నీటిమట్టాన్ని 1902 నుంచీ రోజూ రాస్తున్నారు. మామూలు ఏడాదిలోనే ఎండాకాలానికీ వరదకూ మధ్య సుమారు పది మీటర్ల తేడా. 2021 జూన్‌లో 30.02 మీటర్లు, అప్పటిదాకా అంతెత్తు చూడలేదు. రెండేళ్లకే, 2023 అక్టోబరులో 12.70 మీటర్లకు పడిపోయింది. 2024లో అంతకంటే కిందికి పోయింది.

ఒడ్డున కాపురాలుండేవాళ్లు కర్ర స్తంభాలమీద ఇల్లు కడతారు. నీళ్లు నేల చెక్కల దాకా వస్తే, ఇంట్లోనే ఇంకో పలకల నేల పైకి వేసుకుని, కప్పు తలకు తగులుతున్నా అక్కడే వంటా పడకా కానిస్తారు. పశువులను తెప్పలమీదో మంచెలమీదో కట్టేసి, గడ్డి కోసుకొచ్చి వేస్తారు. ఉల్లి, కొత్తిమీర మళ్లు కూడా మంచెలమీదే. నీళ్లు అడవిలోకి ఎక్కినప్పుడు చేపలకు పండగ. తంబాకీ అనే చేప చెట్లనుంచి రాలే రబ్బరు గింజలను పళ్లతో పటపటా కొరికి తింటుంది.

2023 కరువులో ఊళ్లకు ఊళ్లు పడవ దారి లేక చిక్కుబడ్డాయి. టెఫే సరస్సులో నీళ్లు 39 డిగ్రీలు దాటి కాగిపోయి, వారంలోనే వందకు పైగా డాల్ఫిన్లు చనిపోయాయి. అదే సమయంలో మనౌస్ దగ్గర నీళ్లు దిగిన బండలమీద మనుషుల ముఖాలు చెక్కి కనిపించాయి. వెయ్యి నుంచి రెండు వేల ఏళ్ల కిందటివని అంచనా. 2010 కరువులోనూ ఇవి ఒకసారి బయటపడ్డాయి.

◆ కళ్లతో చేపల జనాభా లెక్క

పిరరుకూ మూడు మీటర్ల దాకా పెరిగే చేప. మొప్పలు చాలక గాలి పీల్చుకోవడానికి ఊరికూరికే పైకి వస్తుంది. వేట మితిమీరి చాలాచోట్ల కనుమరుగైంది. మమిరౌవా రక్షిత ప్రాంతంలో జాలర్లు 1999 నుంచి కొత్త పద్ధతి పట్టారు. అనుభవమున్న జాలరి పడవలో కదలకుండా కూర్చుని, పైకొచ్చిన చేపలను చూపుతో, చప్పుడుతో పోల్చుకుని లెక్క రాస్తాడు. శాస్త్రజ్ఞులు వలలతో పట్టి సరిచూస్తే ఆ లెక్కలు చాలా దగ్గరగా వచ్చాయి. లెక్కకొచ్చిన పెద్ద చేపల్లో 30 శాతానికి మించకుండా పట్టుకోవడానికి ప్రభుత్వం అనుమతి ఇస్తుంది. చేపలూ పెరిగాయి, రాబడీ పెరిగింది.

◆ వెనక్కి పారే నది, చచ్చిపోయిన కెరటం

అమావాస్య, పున్నమి రోజుల్లో, ముఖ్యంగా మార్చి నెలలో, అట్లాంటిక్ పోటు గోడలా లేచి నదీముఖాల్లోకి దూసుకొస్తుంది. పేరు పొరొరోకా. నాలుగు మీటర్ల దాకా లేచి, చెట్లను పెకలించి, పడవలను బోర్లా వేస్తుంది. వచ్చే ముందే హోరు వినిపిస్తుంది కాబట్టి ఒడ్డువాళ్లు పడవలు లాగేసుకుంటారు. కెరటాలమీద పలకలు వేసుకుని స్వారీ చేసేవాళ్లు దీనికోసమే వస్తారు. 2003లో ఒక బ్రెజిల్ ఆటగాడు ఒకే అలమీద 37 నిమిషాలు సాగాడు. అలా పేరుపడ్డ అరగ్వారి నది పొరొరోకా ఇప్పుడు లేదు. గేదెల మందలు తొక్కి చేసిన కాలువల్లోకి నీళ్లు మళ్లిపోయి, నదీముఖం పూడి, 2015 నాటికి ఆ కెరటం చచ్చిపోయింది.

◆ కలవని సంగమం

మనౌస్ దాటగానే టీ డికాషన్ రంగు రియో నీగ్రో, బురదరంగు సోలిమోయెస్ (అమెజాన్‌కే అక్కడి పేరు) ఎదురుపడతాయి. ఆరు కి.మీ. దాకా కలవకుండా పక్కపక్కనే ప్రవహిస్తాయి. వేగం, వేడి, సాంద్రత మూడూ వేరు కావడమే కారణం. రియో నీగ్రో నీళ్లలో ఆమ్లం ఎక్కువ. దోమ పిల్లలు బతకడం కష్టం. దోమతెర మర్చిపోయినవాళ్లు ఆ వైపు లాంచీ చూసుకోవడం మేలు.

◆ ఓటు, బ్యాంకు, ఆస్పత్రి అన్నీ పడవలోనే

బ్రెజిల్‌లో ఓటింగ్ యంత్రాలు మారుమూల ఊళ్లకు పడవల్లో వెళ్తాయి. ఫలితాలు అక్కడినుంచే ఉపగ్రహం ద్వారా చేరతాయి. ప్రభుత్వరంగ బ్యాంకు కైషాకు పడవ శాఖలున్నాయి. నౌకాదళపు ఆస్పత్రి ఓడలను జనం ఆశల ఓడలంటారు. పోప్ ఫ్రాన్సిస్ పేరుతో 2019లో మొదలైన ఆస్పత్రి ఓడలో ఆపరేషన్లు కూడా చేస్తారు. బడి పిల్లలకు బస్సు బదులు పడవ.

◆ అక్కడ ఆగిపోవాలి

ఎంత సాహసికైనా వెళ్లకూడని ఒడ్లున్నాయి. బ్రెజిల్, పెరూ సరిహద్దులోని జవారీ లోయ ఆదివాసి ప్రాంతం 85 వేల చదరపు కి.మీ.; మన తెలంగాణలో ముప్పాతిక వంతు. బయటి ప్రపంచంతో సంబంధం వద్దనుకున్న తెగలు ఎక్కువగా ఉన్నది అక్కడే. వాళ్లంతట వాళ్లు వస్తే తప్ప మనం వెళ్లరాదని బ్రెజిల్ 1987లో విధానం మార్చుకుంది. మనకు జలుబుగా పోయే రోగం వాళ్ల ఊరిని తుడిచేయగలదు. అనుమతి లేకుండా ఆ నదుల్లో పడవ వేయడం నిషిద్ధం.

◆ కొద్దిరోజులకని వచ్చి

స్లొవేనియాకు చెందిన మార్టిన్ స్ట్రెల్ 2007లో, 52 ఏళ్ల వయసులో, 66 రోజుల్లో 5,268 కి.మీ. అమెజాన్‌ను ఈదాడు. ఇంగ్లండుకు చెందిన ఎడ్ స్టాఫర్డ్ 2008 ఏప్రిల్ నుంచి 2010 ఆగస్టు దాకా 860 రోజులు నది పొడవునా నడిచాడు. రెండోదానిలో ఇంకో మనిషి ఉన్నాడు. పెరూలోని ఒక ప్రమాదకరమైన ప్రాంతం దాటించడానికి కొద్దిరోజులకని వచ్చిన అడవి కార్మికుడు గదియేల్ సాంచెజ్ రివెరా (అందరూ చో అని పిలిచేవారు) రెండేళ్లు నడిచి సముద్రం దాకా వెళ్లాడు. దారి తెలిసిన మనిషి పేరు ఫొటోలో, వార్తలో, పుస్తకంలో పక్కనే కనిపించడం ఈ నదీచరిత్రలో అరుదు.

◆ ఎండతో నడిచే పడవ

ఈక్వడార్‌లోని అచువార్ తెగ ఊళ్లలో చాలావాటికి రోడ్డు లేదు. పడవ మోటారుకు కావలసిన పెట్రోలు చిన్న విమానాల్లో రావాలి. ధర పట్టణంలో కంటే ఎన్నో రెట్లు. రోడ్డు వేస్తామని వచ్చేవాళ్లున్నారు. రోడ్డు వెంటే కలప దొంగలూ, చమురు కంపెనీలూ వస్తాయని అచువార్ పెద్దల భయం. అందుకే 2017లో తపియాట్‌పియా అనే పడవ తెచ్చుకున్నారు. పైకప్పంతా సోలార్ పలకలు. మోటారు చప్పుడు లేదు, నీళ్లలో నూనె తెట్టు లేదు. కారా సోలార్ అనే సంస్థ తోడుగా నిలిచింది. ఊళ్ల మధ్య బడి పిల్లలనూ, రోగులనూ, పర్యాటకులనూ చేరవేసే ఆ పడవను నడిపేదీ, రిపేరు చేసేదీ అచువార్‌లే. ఏ వేళకు బయల్దేరాలో, ఏ రేవులో ఆగాలో నిర్ణయించేదీ వాళ్లే. అతిథిగా వెళ్లినవారు ఆ వేళ కనుక్కుని రేవులో నిలబడితే చాలు.